నీళ్లలో తడిసిన కరెంటు సామాన్లను ఎలా కాపాడుకోవాలి?

ఇంట్లో చేరిన నీళ్లు తగ్గిపోగానే చాలామంది చేసే మొదటి పని, తడిసిన మిక్సీనో టీవీనో ప్లగ్గులో పెట్టి పనిచేస్తుందో లేదో చూడటం. దయచేసి ఆ ఒక్కటీ చేయకండి. తడిసినంత మాత్రాన చాలా సామాన్లు పాడవవు, తడి మీద కరెంటు ఇచ్చినప్పుడే పోతాయి. శుద్ధమైన నీళ్లలో కరెంటు పెద్దగా పారదు గానీ ఇంట్లోకి వచ్చే నీళ్లలో లవణాలు, మట్టి, మురుగు అన్నీ కలిసుంటాయి కాబట్టి బాగానే పారుతుంది, దాంతో సర్క్యూట్ బోర్డు మీద ప్లస్ వైపున్న రాగి కరిగి మైనస్ వైపు పేరుకుంటూ, పక్కపక్కనే ఉన్న రెండు రాగి గీతల్ని కలిపేస్తుంది. దీనికి రోజులు అక్కర్లేదు, నిమిషాలు చాలు. కరెంటు లేకపోతే తుప్పు నెమ్మదిగా పడుతుంది. మనకు చేతిలో ఉన్న టైమ్ అదే.

ముందు కరెంటు ఆపాలి

పొడి నేల మీద నిలబడి, పొడి చేత్తో మెయిన్ ఆపండి. మెయిన్ ఉన్న బోర్డు తడిసినా, అక్కడికి వెళ్లాలంటే నీళ్లలో దిగాల్సి వచ్చినా దాని జోలికి పోవద్దు, కరెంటు సరఫరా చేసేవాళ్లకు ఫోన్ చేసి బయటి నుంచే లైను తీయించండి. మెయిన్ ఆపేశాం కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు బ్యాటరీ నుంచి ఇస్తూనే ఉంటాయి, సోలార్ ప్యానెళ్లు వెలుతురు ఉన్నంతసేపూ కరెంటు పుట్టిస్తూనే ఉంటాయి. వీటిని విడదీయడం ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

బీమా ఉంటే ఏదీ కడగకముందే ఫొటోలు తీసుకోండి, నీళ్లు ఎంత ఎత్తు వరకు వచ్చాయో, సామాను మీది మోడల్ నంబరు ఏమిటో అందులో కనపడాలి.

వేటి మీద ఆశ వదులుకోవాలి

ఎంసీబీలు (ఎక్కువ కరెంటు పారితే వాటంతటవే ఆగిపోయే స్విచ్‌లు), ఆర్‌సీసీబీలు (కరెంటు లీకైతే ఆగిపోయేవి), ఫ్యూజులు, స్విచ్‌లు, సాకెట్లు, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులు మునిగితే మార్చేయడమే. ఆరాక ఎంసీబీ పైకీ కిందికీ మామూలుగానే కదులుతుంది, కరెంటూ ఇస్తుంది, అందుకే జనం ఉంచేసుకుంటారు. కానీ దాని లోపల చిన్న స్ప్రింగులు, కాంటాక్టులు ఉంటాయి, వాటిలో చేరిన బురదను తీయడానికి రివెట్లు కొట్టిన ఆ డబ్బాను విప్పలేం. షార్ట్ అయిన రోజు అది ట్రిప్ కాకపోతే వైర్లు కాలతాయి. ఆర్‌సీసీబీ సంగతి ఇంకా సీరియస్, మనిషికి షాక్ కొట్టినప్పుడు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ఆగిపోవాల్సిన వస్తువది. వీటి దగ్గర మాత్రం డబ్బు ఆదా చేయాలనుకోకండి.

నీళ్లలో మునిగిన లిథియం బ్యాటరీలు, అంటే ఈ-బైకులవి, పవర్ బ్యాంకులు, ల్యాప్‌టాప్‌లవి, ఇంటి బయట కాలే వస్తువులేవీ లేని చోట పెట్టండి. ముఖ్యంగా ఉప్పునీళ్లు తగిలినవి బాగానే ఉన్నట్టు కనపడి కొన్ని రోజుల తర్వాత కూడా అంటుకోగలవు. ఉబ్బినా ఉబ్బకపోయినా వాటిని ఛార్జింగ్ పెట్టవద్దు, గుచ్చవద్దు, చెత్తబుట్టలో వేయవద్దు.

ముఖ్యమైన డేటా ఉన్న హార్డ్ డిస్క్ మునిగితే దానిది వేరే దారి. ఆరబెట్టకుండా తడిగానే కవర్లో మూసి డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వాలి, ఎందుకంటే లోపలికి చేరిన మట్టి ప్లేట్ల మీద ఎండిపోతే తీయడం చాలా కష్టం.

కడగడం, అందరూ వదిలేసే మెట్టు

తడిసిన వస్తువును మళ్లీ తడపమంటే ఎవరికైనా భయమేస్తుంది, కానీ కాపాడేది ఇదే. నీళ్లు ఆవిరైపోతాయి, వాటిలోని ఉప్పూ మట్టీ మాత్రం బోర్డు మీదే ఉండిపోయి, గాలిలో తేమ పెరిగినప్పుడల్లా మళ్లీ తడిని పీల్చుకుంటూ రాగి మీద పచ్చగా చిలుము పట్టిస్తాయి. ఆరబెట్టగానే పనిచేసి రెండు నెలలకు ఆగిపోయే సామాన్ల వెనక చాలాసార్లు ఉండే కథ ఇదే.

ప్లగ్గు తీసి, బ్యాటరీ ఉంటే అదీ తీసి, పై కవర్లు విప్పి, ప్రతి వైరు ఎక్కడ ఉందో ఫొటో తీసుకోండి. ముందుగా మంచి నీళ్లతో బురద పోయేదాకా కడగాలి, ఒత్తిడితో పైపు కొట్టకూడదు. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో, అంటే బ్యాటరీల్లో పోసే నీళ్లతో, ఒకసారి. చివరగా 90 శాతానికి పైగా ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మెత్తటి బ్రష్ ముంచి బోర్డు రెండు వైపులా తుడవండి, కనెక్టర్ల సందుల్లో, పెద్ద చిప్‌ల అంచుల్లో, టంకం చుక్కల చుట్టూ. తెల్లటి పొడో పచ్చటి మచ్చో ఉంటే అక్కడ ఇంకాసేపు. ఆ ఆల్కహాల్ సులువుగా మండుతుంది, కిటికీలు తీసి, మంటకు దూరంగా చేయండి.

టీవీ, మైక్రోవేవ్ ఓవెన్ మాత్రం మీరు విప్పకండి. మైక్రోవేవ్‌లో కరెంటును నిల్వ ఉంచే కెపాసిటర్‌లో ప్లగ్గు తీశాక కూడా ప్రాణం తీసేంత వోల్టేజి మిగిలి ఉండొచ్చు.

ఆరబెట్టడం

ఫ్యాన్ గాలి, కొద్దిపాటి వెచ్చదనం, ఓపిక. 40 నుంచి 50 డిగ్రీలు చాలు. హెయిర్ డ్రయ్యర్ దగ్గరగా పెడితే ప్లాస్టిక్ వంగుతుంది, తడి ఇంకా లోపలికి పోతుంది. చిన్నవాటికి రెండు మూడు రోజులు, మోటార్లకూ ట్రాన్స్‌ఫార్మర్లకూ వారమో ఇంకా ఎక్కువో పడుతుంది, చుట్లు చుట్టిన తీగల మధ్య తడి అంత తేలిగ్గా వదలదు. పోగుల వైరు చివర మునిగితే నీళ్లు ఇన్సులేషన్ లోపల పోగుల వెంబడి దూరం పాకుతాయి కాబట్టి అలాంటి వైరు మార్చడమే మేలు.

ఫోన్‌ను బియ్యంలో పెట్టడం మానేయండి. బియ్యం లోపలి నీళ్లను పెద్దగా లాగదు, పైగా వాటి నలకలు లోపలికి పోతాయి, 2024లో యాపిల్ కూడా తన ఫోన్లకు ఇది చేయవద్దనే చెప్పింది.

ఒక్కో సామానుకు ఒక్కో తీరు

ఫ్రిజ్ కంప్రెసర్ పూర్తిగా మూసేసి ఉంటుంది కాబట్టి సాధారణంగా నీళ్లు చేరవు, పోయేది దాని పక్కనున్న, కంప్రెసర్‌ను స్టార్ట్ చేసే రిలే, వేడెక్కితే ఆపే ఓవర్‌లోడ్, ఇన్వర్టర్ రకమైతే బోర్డు. గోడల మధ్య ఉన్న ఇన్సులేషన్ మురుగునీళ్లు పీలిస్తే మాత్రం వాసన, బూజు వదలవు, అలాంటి ఫ్రిజ్‌లో తినేవి పెట్టకండి. నీళ్ల మోటార్, మిక్సీ, ఫ్యాన్ మోటార్లను వైండింగ్ షాపులో కడిగించి, ఓవెన్‌లో ఆరబెట్టించి, అవసరమైతే వార్నిష్ వేయించి, బేరింగులు మార్పిస్తే చాలావరకు తిరిగి పనికొస్తాయి. గీజర్, ఇస్త్రీపెట్టె లాంటివాటి ఎలిమెంట్‌లో తీగ చుట్టూ ఉండే తెల్లటి పొడి, మెగ్నీషియం ఆక్సైడ్, తేమను బాగా పీలుస్తుంది, బయటికి పొడిగా కనిపించినా ఆన్ చేసి ముట్టుకుంటే షాక్ కొట్టొచ్చు. ఇక ఎల్‌సీడీ తెర పొరల మధ్య నీళ్లు చేరి మచ్చలు పడితే ఆ తెర మళ్లీ మామూలు కావడం అరుదు.

కరెంటు ఇచ్చే ముందు

మామూలు మల్టీమీటర్ చూసి నమ్మకండి, అది కొద్ది వోల్టులతోనే కొలుస్తుంది, లీకేజీ బయటపడేది 500 వోల్టులతో ఇన్సులేషన్‌ను కొలిచే మెగ్గర్ అనే మీటరుతో. ఇంటి వైరింగ్‌కీ మోటార్‌కీ ఎలక్ట్రీషియన్ చేత ఆ టెస్ట్ చేయించండి, 1 మెగా ఓమ్ కంటే తక్కువ వస్తే తడి ఇంకా ఉంది, లేదా ఇన్సులేషన్ పోయింది. ఎలక్ట్రానిక్ బోర్డులను ముందే విడదీయాలి, లేకపోతే ఆ 500 వోల్టులు వాటినే కాల్చేస్తాయి.

తర్వాత సీరీస్ బల్బు. 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు గుండా సామానుకు కరెంటు ఇస్తారు, లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, వస్తువు కాలిపోదు. కంప్రెసర్ లాంటి బరువైనవి మాత్రం దీని మీద తిరగవు. అన్నీ సరిగా ఉన్నాక పనిచేస్తున్న ఆర్‌సీసీబీ, ఎర్త్ ఉన్న లైను మీద ఒక్కొక్కటే ఆన్ చేయండి, అన్నీ కలిపి వద్దు. మొదటి వారం ఏదీ మీరు లేనప్పుడు నడవకూడదు. కాలిన వాసన వచ్చినా, బాడీ ముట్టుకుంటే జివ్వుమన్నా, ఆర్‌సీసీబీ ట్రిప్ అయినా ప్లగ్గు తీసి మళ్లీ ఆరబెట్టడం నుంచి మొదలుపెట్టండి.