ఆఫీసులో విండోస్ పక్కన ఏ లినక్స్ పెట్టాలి?

గుంటూరులో ఒక ఆడిటర్ గారి ఆఫీసు కంప్యూటర్లు నేను చూస్తుంటాను. మొత్తం 14. విండోస్ 10 మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఆ సందర్భంలో లెక్క చూసుకుంటే, విండోస్ 11 ఎక్కేవి 5 మాత్రమే తేలాయి. మిగతా 9 ఆరో తరం ఇంటెల్‌వి. చక్కగా నడుస్తున్న వాటిని పాత సామానుకు వేయడానికి నాకు మనసొప్పలేదు. అందుకే వాటిలో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేద్దామనుకున్నాను.

ఇలాంటి చోట డిస్ట్రో (లినక్స్‌లో ఒక్కో రకం) పేరుతో మొదలుపెట్టకండి. ముందు కాగితం పట్టుకుని ఒక్కో సీటు దగ్గర కూర్చోండి. ఆ మనిషి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఏమేం తెరుస్తున్నారో రాసుకోండి. మా దగ్గర సగం నిర్ణయం ఆ కాగితమే చేసేసింది. ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ నడిచే 3 సీట్లు, డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్ పెట్టే సీటు విండోస్‌లోనే ఉంచాం. తెలుగు నోటీసులు టైప్ చేసే మేడమ్ గారి సీటు కూడా అంతే. ఆవిడ వాడే పాత ‘అను’ ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకటే అయిన అక్షరాల కోడ్) కావు, ఆ ఫాంట్ లేని మెషీన్‌లో ఫైలు తెరిస్తే అర్థం లేని గుర్తులే కనిపిస్తాయి. మిగతా 9 సీట్లలో ఉన్నది బ్రౌజర్, మెయిల్, పీడీఎఫ్, ఎక్సెల్. మాక్రోలు (పనిని దానంతటదే చేసే చిన్న ప్రోగ్రాములు) ఉన్న షీట్లను మాత్రం, లినక్స్‌లో ఎక్సెల్ బదులు వాడే లిబ్రే ఆఫీసులో ముందే తెరిచి చూడండి.

తర్వాత ఎంత కాలం అప్‌డేట్లు వస్తాయో చూడండి. ఫెడోరా అనే డిస్ట్రో మంచిదే, కానీ ఒక్కో వెర్షన్‌కు దాదాపు 13 నెలలే. ఆఫీసుకు అది చాలదు. సెంటాస్ 8 అనే ఇంకో డిస్ట్రో 2029 దాకా ఉంటుందని అందరూ నమ్మితే, 2021 డిసెంబరు 31తోనే ముగించారు. అందుకే వెనక ఎవరున్నారో కూడా చూస్తాను. అందరి ఫైళ్లూ ఉండే ఫైల్ సర్వర్‌కు డెబియన్ 13 అనే డిస్ట్రో ఎంచుకున్నాను. 2025 ఆగస్టులో వచ్చింది, మూడేళ్లు పూర్తి సపోర్ట్, ఆపైన రెండేళ్లు భద్రతా అప్‌డేట్లు. సీట్లకు లినక్స్ మింట్ 22, ఇది 2029 దాకా. మెనూ కింద ఎడమ మూలనే ఉంటుంది కాబట్టి విండోస్ అలవాటున్నవాళ్లు కంగారు పడలేదు. 4 జీబీ ర్యామ్ ఉన్నవాటికి మింట్‌లోనే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేయండి. ఒకే ఆఫీసులో మూడు రకాల డిస్ట్రోలు మాత్రం వద్దు, రేపు మీరు ఊళ్లో లేనప్పుడు ఫోన్‌లో చెప్పలేరు.

నేను ఎక్కువ ఇబ్బంది పడింది కాపియర్ దగ్గర. సర్వర్ మార్చిన మర్నాడు స్కాన్లు షేర్డ్ ఫోల్డర్‌లో పడలేదు. అందరికీ టెన్షన్. చూస్తే ఆ పాత కాపియర్‌కు ఎస్‌ఎంబీ 1 (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) తప్ప ఇంకేమీ రాదు, లినక్స్ సర్వర్‌లో ఫైళ్లు పంచే సాంబా ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ దాన్ని మామూలుగా ఆపేసి ఉంచుతుంది. సెట్టింగ్‌లో తెరిచేస్తే పని అయిపోతుంది, కానీ తెరవకండి. 2017లో వన్నాక్రై అనే, ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్ పాకింది విండోస్‌లోని ఎస్‌ఎంబీ 1 లోపం గుండానే. కాపియర్ కోసం విడిగా ఒక ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే ఇంకో పద్ధతి) ఫోల్డర్ పెట్టాను, సరిపోయింది. లినక్స్ ఇన్‌స్టాల్ చేయకముందే కంప్యూటర్‌ను లైవ్ పెన్‌డ్రైవ్‌తో (లినక్స్ నేరుగా నడిచే పెన్‌డ్రైవ్) బూట్ చేసి ప్రింటర్లను పరీక్షించండి. నెట్‌వర్క్‌లో ఉండే కొత్తవి చాలావరకు డ్రైవర్ లేకుండానే దొరుకుతాయి. యూఎస్‌బీ మాత్రమే ఉన్న ఒక పాత లేజర్ ఎంతకీ లొంగలేదు, దాన్ని విండోస్ సీటుకు మార్చేశాను.

తెలుగు విషయం చిన్నదనుకోకండి. విండోస్‌తో వచ్చే గౌతమి ఫాంట్‌లో చేసిన ఉత్తరాన్ని లినక్స్‌లో తెరిస్తే వేరే ఫాంట్ వచ్చి కూర్చుంటుంది, లైన్లు జరిగి రెండో పేజీలోకి పోతాయి. ఉచితంగా దొరికే మండలి ఫాంట్‌ను 14 మెషీన్లలోనూ వేశాం, కొత్త ఉత్తరాలన్నీ అందులోనే.

ముందు ఒక్క సీటు మార్చి నెల రోజులు చూడండి. ఆడిటర్ల ఆఫీసైతే రిటర్నులు, ఆడిట్ రిపోర్టులు మీద పడే జులై, సెప్టెంబరు ఆఖరి వారాల్లో ఏ మెషీనూ ముట్టుకోకండి.