ఫౌంటెన్ పెన్నులో ఇంకు సరిగా దిగకపోతే ఏం చేయాలి?

పెన్ను రాయకపోతే చాలామంది వెంటనే పాళీని కాగితానికేసి గట్టిగా నొక్కుతారు. అప్పటికీ రాయకపోతే గాల్లో విదిలిస్తారు. దయచేసి ఈ రెండూ చేయకండి. గట్టిగా నొక్కితే పాళీ చీలికకు అటూ ఇటూ ఉండే రెండు రెక్కలు విచ్చుకుపోయి మళ్లీ దగ్గరకు రావు. విదిలిస్తే చొక్కా మీద మరకలు పడతాయే తప్ప లోపలి అడ్డం తొలగదు. ఇంకు సమస్యల్లో చాలావరకు మామూలు నీళ్లతోనే తీరిపోతాయి. పాళీని సవరించడం అన్నీ అయ్యాక, చివర్లో చూసుకోవాల్సిన పని.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. పాళీ కింద అతుక్కుని ఉండే ముక్కను ఫీడ్ అంటారు. దాని మీద వెంట్రుకంత సన్నటి గాడి ఉంటుంది. ఇంకు ఆ గాడి వెంట పాకి పాళీ చీలికలోకి, అక్కడి నుంచి కాగితం మీదికి చేరుతుంది. ఎంత ఇంకు కిందికి దిగితే అంత గాలి అదే ఫీడ్ గుండా లోపలికి వెళ్లాలి. ఈ రెండూ సమంగా నడిచేలా ఫీడ్ తయారుచేసి లూయిస్ వాటర్‌మన్ 1884లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పటి పెన్నులన్నీ ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి. ఇంకు దారి మూసుకున్నా, గాలి దారి మూసుకున్నా పెన్ను ఆగిపోతుంది. గాలి అవసరానికి మించి వెళితే ఇంకు కక్కుతుంది. మీ పెన్నుకు వచ్చిన తంటా ఈ మూడింటిలో ఏదో చూడండి.

మొదట ఇంకు ఎక్కడ ఆగిందో చూడండి

బ్యారెల్, అంటే పెన్ను వెనక భాగం విప్పి పాళీని కిందికి పెట్టి పట్టుకోండి. కన్వర్టర్‌లో (సీసాలోంచి ఇంకు లాగి నింపుకునే చిన్న గొట్టం) ఇంకు ఉన్నా అది వెనక కొసకు అతుక్కుని, పాళీ వైపు అంతా గాలే కనిపిస్తే దోషం పాళీది కాదు. గొట్టం సన్నగా ఉండటం వల్ల ఇంకు కిందికి జారడం లేదు. వేలితో మెల్లగా తట్టండి. లేదా పాళీ కొసన చుక్క కనిపించేదాకా కన్వర్టర్ మరను తిప్పి, ఆ చుక్కను టిష్యూతో అద్దేయండి. ఇంకు నింపి అమ్మే కార్ట్రిడ్జ్ గొట్టం పెట్టే పెన్నయితే ఆ కార్ట్రిడ్జ్ పూర్తిగా లోపలికి దిగిందో లేదో నొక్కి చూడండి. కొత్త కార్ట్రిడ్జ్ పెట్టాక పెన్నును పాళీ కిందికి ఉండేలా కాసేపు నిలబెట్టి ఉంచితే ఫీడ్ తడుస్తుంది.

తర్వాత కడగండి

కొత్త పెన్నయినా సరే, మొదటిసారి ఇంకు పోసే ముందు కడగడం మంచిది. తయారీలో వాడిన నూనె ఫీడ్‌లో మిగిలి ఉంటే ఇంకు దాన్ని అంటుకోదు, గీత మధ్యమధ్యలో తెగిపోతుంది.

గ్లాసులో చల్లటి నీళ్లు గానీ గోరువెచ్చటి నీళ్లు గానీ తీసుకోండి. వేడినీళ్లు వద్దు, ప్లాస్టిక్ వంకరపోతుంది. స్పిరిట్, అసిటోన్ లాంటివి అసలే వద్దు. పాళీని ముంచి కన్వర్టర్‌తో నీళ్లు లోపలికి లాగి బయటికి వదలండి. మొదట ముదురు రంగు వస్తుంది, తర్వాత నీళ్లు తేటగా కనిపిస్తాయి. అక్కడితో అయిపోయిందనుకుని ఆపేయకండి. పాళీని మంచినీళ్లలో ఊరికే నిలబెట్టి కాసేపు చూస్తే చీలికలోంచి సన్నటి రంగు దారం కిందికి దిగుతూ కనిపిస్తుంది. ఫీడ్ గాడిలో ఎండిన ఇంకు అప్పుడే కరుగుతోందన్నమాట. ఆ దారం ఆగేదాకా నీళ్లు మారుస్తూ ఉండాలి. బాగా గట్టిపడితే రాత్రంతా నాననివ్వండి. అప్పటికీ వదలకపోతే నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి మళ్లీ కడిగి, ఆ సబ్బు మొత్తం పోయేదాకా మంచినీళ్లతో జాడించాలి.

చివరికి పాళీని మడతపెట్టిన టిష్యూలో కిందికి ఆనించి ఒక రాత్రి ఉంచండి. మిగిలిన తడిని టిష్యూ లాగేస్తుంది. ఫీడ్‌లో నీళ్లుండగానే ఇంకు పోస్తే మొదటి పేజీలో అక్షరాలు వెలిసిపోయినట్టు పడతాయి.

ఇంకు, కాగితం, చెయ్యి

ఫౌంటెన్ పెన్నుకని రాసి ఉన్న ఇంకే వాడండి. ఇండియా ఇంకు పేరుతో బొమ్మలకు అమ్మేదాంట్లో లక్క లాంటి జిగురు ఉంటుంది. అది ఫీడ్‌లో ఎండితే నీళ్లతో వదలదు. మెరుపులుండే ఇంకులు, పిగ్మెంట్ ఇంకులు (నీళ్లలో కరగని సన్నటి రంగు పొడి ఉండేవి) వాడొచ్చు కానీ తరచూ కడగాలి. ఒకే పెన్నులో ఒక ఇంకు బాగా దిగి మరొకటి దిగకపోవడం మామూలే. అందుకే పెన్నును తప్పుపట్టే ముందు ఒక్కసారి ఇంకు మార్చి చూడండి.

పేజీ కింది భాగంలో మాత్రమే గీత తెగుతుంటే అరచేతి జిడ్డు కాగితానికి అంటుతోందని అర్థం. చేతి కింద వేరే కాగితం పెట్టుకుంటే చాలు. బాల్‌పెన్ను అలవాటున్నవాళ్లు పెన్నును నిలువుగా పట్టి నొక్కుతారు. ఫౌంటెన్ పెన్నును కాస్త వాల్చి, పాళీ రెండు రెక్కలూ సమంగా కాగితానికి ఆనేలా పట్టుకోవాలి. దాని బరువుకు అదే రాస్తుంది.

ఇవన్నీ చేశాకే పాళీ

కొసను కంటికి ఎదురుగా పెట్టి భూతద్దంలోంచి చూడండి. పదిరెట్లు పెద్దగా చూపించేదయితే మేలు. ఒక రెక్క పైకి, ఒకటి కిందికి ఉంటే పెన్ను గీరుకుంటుంది, ఒకవైపు గీతలు సరిగా పడవు. పైకి లేచిన రెక్కను గోటితో ఫీడ్ వైపు మెల్లగా నొక్కి వదలండి. మళ్లీ చూడండి, రాసి చూడండి, కావాలంటే మళ్లీ నొక్కండి. ఒక్క దెబ్బకే సరిచేద్దామనుకుంటే పాళీ పాడవుతుంది. చీలిక మరీ బిగుసుకుని ఉంటే సన్నటి ఇత్తడి రేకును అందులో పెట్టి కొస వైపు మెల్లగా లాగవచ్చు. బ్లేడు మాత్రం వాడకూడదు, లోపలి అంచులు కోసుకుపోతాయి.

ఇంకొక లోపం ఉంది. గీత మొదలుపెట్టినప్పుడల్లా మొదటి కాస్త భాగం పడదు, ఆ తర్వాత చక్కగా రాస్తుంది. చీలిక దగ్గర కొస లోపలి అంచులు మరీ గుండ్రంగా ఉండటం వల్ల ఇంకు కాగితాన్ని అందుకోలేకపోతుంది. దీనికి కొసను కొద్దిగా అరగదీయాలి. ఎంత అరగదీసినా తిరిగి రాదు కాబట్టి ఖరీదైన పెన్నయితే తెలిసినవాళ్ల చేతికే ఇవ్వండి. రాత్రి మూత పెట్టి పొద్దున తీస్తేనే ఈ ఇబ్బంది కనిపిస్తుంటే మాత్రం పాళీ జోలికి పోకండి. మూత సరిగా మూసుకోక ఇంకు ఎండిపోతోంది.

కక్కే పెన్ను

బ్యారెల్‌లోకి నేరుగా ఇంకు పోసే పెన్నుల్లో ఇది ఎక్కువ. ఇంకు తగ్గేకొద్దీ లోపల గాలి పెరుగుతుంది. చేతి వెచ్చదనానికి ఆ గాలి వ్యాకోచించి ఇంకును బయటికి నెడుతుంది. మూడోవంతు మిగిలినప్పుడే మళ్లీ నింపుకోండి. బ్యారెల్ బిగించే మరల దగ్గర ఇంకు కారుతుంటే కాస్త సిలికాన్ గ్రీజు రాయండి. విమానంలోనూ ఇదే గోల: పైకి వెళ్లేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గుతుంది. పెన్నును నిండుగా గానీ పూర్తిగా ఖాళీగా గానీ ఉంచి, పాళీ పైకి ఉండేలా జేబుకు పెట్టుకోండి.

రెండు మూడు వారాలు పెన్ను పట్టుకోరని ముందే తెలిస్తే ఇంకు తీసేసి, కడిగి, ఆరబెట్టి దాచండి. రోజూ రాసే పెన్నునైతే నెలకో రెండు నెలలకో ఒకసారి, ఇంకు రంగు మార్చినప్పుడు తప్పకుండా కడగాలి.