చెక్క అచ్చు: మొదటి పలక, మొదటి ప్రింటు

చెక్క అచ్చు అంటే పలక మీద బొమ్మ చెక్కి, ఇంకు పూసి, కాగితం మీదికి దించడం. మొదటి పలకకే సన్న గీతల జోలికి పోకండి. హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్టల మీది బండరాళ్లను పొద్దున్నే చూడండి: ఎండ పడిన వైపు తెలుపు, నీడ వైపు నలుపు. అలాంటి బొమ్మ కావాలి. చెక్కిన చోటు తెల్లగా మిగులుతుంది, చెక్కనిది నల్లగా పడుతుంది.

15×20 సెం.మీ., 6 మి.మీ. మందం ప్లైవుడ్ ముక్క చాలు. ముడులు లేని వైపు తీసుకుని, 220 నంబరు గరుకు కాగితంతో నార వెంబడే రుద్దండి. నీళ్లకు చెదరని నల్ల సిరాను బాగా పలచన చేసి, లేత బూడిద రంగు వచ్చేలా పూయండి. అప్పుడు ఎక్కడెక్కడ చెక్కారో తెల్లగా తేలుతుంది. బొమ్మను ట్రేసింగ్ కాగితం మీద గీసి, తిరగేసి, కార్బన్ పెట్టి దించండి. తెలుగు అక్షరాలుంటే అద్దంలో చూసుకోండి.

ఒక వి-ఉలి (మొన V ఆకారంలో ఉండేది), 3 మి.మీ., 8 మి.మీ. యు-ఉలులు (మొన U ఆకారంలో ఉండేవి) రెండు ఉంటే సరిపోతుంది. ఇరవై నిమిషాలకోసారి పాత తోలు బెల్టు మీద పదును సరిచేయండి. మొద్దు ఉలి కోయదు, నారను చించుతుంది. పలకను బల్లకు బిగించి, రెండో చేయి ఎప్పుడూ ఉలి మొనకు వెనకే ఉంచండి. మన అక్షరాలన్నీ వంపులే కాబట్టి ఉలిని తిప్పకుండా పలకనే తిప్పుతూ పోండి. చెక్కకుండా వదిలిన గీత అంచులు గుట్టలా కిందికి వెడల్పవ్వాలి. కింద తొలిస్తే ఇంకు పూసే రోలర్ తగిలిన వెంటనే గీత విరుగుతుంది. పెద్ద ఖాళీలు 2–3 మి.మీ. లోతు ఉండాలి, లేకపోతే అక్కడా ఇంకు అంటుతుంది.

చెక్కడంలో కన్నా ఇంకు దగ్గరే ఎక్కువ ప్రింట్లు పాడవుతాయి. అర టీస్పూను నూనె ఆధారిత అచ్చు ఇంకును గాజు పలక మీద పరిచి, రోలర్‌ను రెండు దిక్కులా తిప్పండి. చిటచిటమని సన్నటి చప్పుడు రావాలి. జిగురులా పచపచమంటే ఇంకు ఎక్కువైంది, తీసేయండి. పలక మీద ఒకేసారి దట్టంగా వద్దు, పల్చగా నాలుగైదు సార్లు పూయండి. ఏప్రిల్, మే ఎండల్లో ఇంకు కారినట్టై గీతల సందులు పూడ్చేస్తుంది. చిటికెడు మెగ్నీషియం కార్బొనేట్ పొడి కలిపితే బిగుస్తుంది, పొద్దున్నే అచ్చు వేస్తే ఇంకా మేలు.

కాగితం పల్చగా, 80–100 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) ఉండాలి. నేపాలీ కాగితం చక్కగా పడుతుంది. మందమైన డ్రాయింగ్ కాగితం చేతి ఒత్తిడికి లొంగదు. కాగితం పరిచి, స్టీలు గరిటె వెనక భాగంతో నడుమ నుంచి అంచులకు చిన్న సున్నాలు చుడుతూ రుద్దండి. ఒక మూల ఎత్తి చూడండి. పాలిపోయి ఉంటే కాగితం కదపకుండా మళ్లీ రుద్దవచ్చు. తెల్ల చుక్కలు పడితే దుమ్ము, లేదా ఇంకు చాల్లేదు. గీతలు జంటగా పడితే కాగితం జరిగింది. ఈసారి పలక పక్కన ఎల్ ఆకారపు అట్టముక్క అంటించి కాగితం మూలను దానికి ఆనించండి.

ప్రింట్లు ఆరడానికి 3–7 రోజులు పడుతుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. పలకను ముందు వంటనూనెతో, తర్వాత పొడి గుడ్డతో తుడిచి, వంగకుండా బరువు కింద పెట్టండి. అవిసె నూనె ఇంకు తుడిచిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. ఆరుబయట విప్పి ఆరేయండి, లేదా నీళ్లలో నానబెట్టండి.