కొత్తగా తెచ్చిన సముద్రపు చేప మేత ముట్టకపోతే

చేపను ట్యాంకులో వదిలి గంట కాకుండానే "తినట్లేదు" అని టెన్షన్ పడి, ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ తెరిచి ఒక్కోటీ చల్లకండి. తినని మేత కుళ్ళి అమ్మోనియా పెరిగితే, తినాలనుకున్న చేప కూడా మానేస్తుంది. మొదటి రోజు లైట్లు ఆర్పేసి, దాక్కోవడానికి రాళ్ల సందో పీవీసీ పైపు ముక్కో ఉందో లేదో చూసి, దాని మానాన దాన్ని వదిలేయండి. ఒంట్లో బాగున్న చేప రెండు రోజులు పస్తున్నా ఏమీ కాదు.

అసలు కొనేముందే షాపులో మీ కళ్ళముందు మేత వేసి చూపించమనాలి. నేనోసారి మొహమాటపడి అడక్కుండా కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై అనే పొడుగు మూతి చేపను తెచ్చుకున్నాను. మైసిస్ (రొయ్యలాంటి చిన్న జీవులు, ఫ్రీజ్ చేసి అమ్మే మేత) ముక్క దాని మూతి ముందునుంచే కొట్టుకుపోతుంటే కన్ను తిప్పి చూసేది, అంతే. నాలుగో రోజుకి బుర్ర వెలిగింది: ఆ పొడుగు మూతి ఉన్నదే సందుల్లో పొడుచుకు తినడానికి కదా! ఫ్రీజర్లో ఉన్న ఆల్చిప్పను కరగనిచ్చి, తెరిచి రాళ్ల మధ్య ఇరికించాను. కాసేపు చుట్టూ తిరిగింది, ఒకసారి పొడిచి వెనక్కి పోయింది, మళ్ళీ వచ్చింది, అరగంటలో చిప్ప సగం ఖాళీ.

అంటే ఏ చేప ఎలా తింటుందో తెలుసుకుని వేయాలి. నాచు తినే ట్యాంగ్ చేపలకు ఉప్పూ మసాలా లేని నోరి ఆకు (ఎండబెట్టిన సముద్రపు నాచు) క్లిప్పుకు తగిలిస్తే చాలు. మాండరిన్ చేపకు రాళ్ల మీద పాకే కోపెపాడ్లనే బుల్లి జీవులు కావాలి, కొత్త ట్యాంకులో అవి సరిపడా ఉండవు కాబట్టి దాన్ని కొననే కొనకండి.

చిన్న నోటి చేపలకు కదిలే మేత, అంటే ఆర్టీమియా అనే రొయ్యలాంటి బుల్లి జీవి పిల్లలు, బాగా పనిచేస్తుంది. మన కోస్తాలో హ్యాచరీలవాళ్ళు రొయ్యపిల్లలకు వేసేది ఇదే. లీటరు నీళ్ళకు 25 గ్రాముల ఉప్పు, 28 డిగ్రీల వేడి, ఆగకుండా గాలి ఉంటే వాటి గుడ్లు దాదాపు ఒక రోజులో పొదుగుతాయి. గాలి ఆపి సీసా అడుగున టార్చి పెడితే పిల్లలు వెలుగు దగ్గరికి చేరతాయి, పెంకులు పైకి తేలతాయి, అడుగునుంచి సన్న పైపుతో లాగేయడమే. పొదిగిన రోజే వేసేయండి, ఆలస్యమైతే వాటిలో సత్తువ తగ్గిపోతుంది.

అలవాటు పడ్డాక అందులోనే కరిగించిన మైసిస్ కొద్దికొద్దిగా కలుపుతూ పోండి. పంపు ఆపి, పిపెట్‌తో చేపకు కాస్త పక్కగా వదలాలి, మొహం మీద కాదు. పది నిమిషాల్లో తినంది తీసేయండి. వెల్లుల్లి రసంలో నానబెట్టమంటారు కానీ నాకైతే పెద్ద తేడా కనబడలేదు.

పాత చేపలు తరుముతుంటే ఏ మేతా పనిచేయదు, చిల్లుల పెట్టెలో విడిగా ఉంచి అందులోనే తినిపించండి. తల వెనక కండ గుంటపడుతున్నా, రెట్ట తెల్లటి దారంలా వస్తున్నా మేత మార్చడం ఆపి, క్వారంటైన్ ట్యాంకుకు మార్చి కడుపులో పురుగులకు మందు మొదలుపెట్టాలి.