టెలిఫోటో లెన్స్‌తో తీసిన ఫోటో పదునుగా రాకపోతే: లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

దూరపు పక్షిని దగ్గరకు తెచ్చి చూపే లెన్సే చేతి వణుకును, ఫోకస్‌లోని చిన్న తప్పును, మధ్యలో కదిలే గాలిని కూడా అంతే పెద్దవి చేసి చూపిస్తుంది. అందువల్ల ఫోటో మసకగా రాగానే లెన్స్‌లో లోపముందని తేల్చుకోవడం తొందరపాటు. ముందుగా ఆ ఫోటోను కంప్యూటర్‌లో వంద శాతం సైజులో తెరిచి, మసక ఏ తీరులో ఉందో, ఫ్రేములో ఎక్కడైనా పదునైన చోటు ఉందో లేదో చూడాలి. వ్యూఫైండర్‌లో (కంటికి ఆనించి చూసే కిటికీలో) మసకగా కనిపించి ఫైలు మాత్రం పదునుగా ఉంటే లోపం ఫోటోలో లేనట్లే. ఐపీస్ పక్కనున్న డయాప్టర్ చక్రాన్ని తిప్పి సరిచేసుకుంటే చాలు.

లక్షణం: ఫ్రేము మొత్తం ఒకే దిశలో సాగినట్లు ఉంది

ఆకుల అంచులు, మెరిసే నీటి చుక్కలు అన్నీ ఒకే వైపుకు చిన్న గీతలుగా సాగి ఉంటే అది కెమెరా కదలిక. షట్టర్ వేగం కనీసం 1/ఫోకల్ లెంగ్త్ సెకను (400 మి.మీ. లెన్స్‌కు 1/400) ఉండాలన్నది పాత లెక్క. ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న కెమెరాలలో ఫోకల్ లెంగ్త్‌ను క్రాప్ ఫ్యాక్టర్‌తో (నికాన్‌లో 1.5, కేనన్‌లో 1.6) గుణించాలి కాబట్టి, 400 మి.మీ. లెన్స్‌కు నికాన్‌లో 1/600, కేనన్‌లో 1/640 సెకను దాకా లెక్క వస్తుంది. మెగాపిక్సెళ్లు ఎక్కువగా ఉన్న నేటి సెన్సర్లపై ఇది కూడా చాలకపోవచ్చు. 1/1000 దగ్గర మొదలుపెట్టడం మేలు. అందుకోసం ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురును గ్రహించే స్థాయి) పెంచవలసి వస్తే జంకవలసిన పని లేదు, ఎందుకంటే దానివల్ల వచ్చే నాయిస్‌ను (గింజల్లాంటి మచ్చలను) తరువాత తగ్గించుకోవచ్చు గాని కదిలిన ఫోటోను నిలబెట్టడం కష్టం.

ట్రైపాడ్ మీద కూడా ఇదే లక్షణం కనిపిస్తే, బరువైన లెన్స్‌ను దాని కాలర్‌తో (లెన్స్ చుట్టూ ఉండే ట్రైపాడ్ పట్టుతో) కాక కెమెరా బాడీతో బిగించారేమో, మధ్య కడ్డీని పైకి లేపారేమో, గాలికి పట్టీ కొట్టుకుంటోందేమో చూడాలి. పాత లెన్సులలో కొన్నింటికి ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్‌ను (చేతి వణుకును సరిచేసే ఏర్పాటును) ఆపివేయాలి, లేకపోతే అదే వణుకు పుట్టిస్తుంది.

లక్షణం: కొమ్మ పదునుగా ఉంది, పక్షి మాత్రం చెరిగినట్లు ఉంది

ఇది పక్షి కదలిక. స్టెబిలైజేషన్ ఆపేది మన చేతి వణుకును మాత్రమే; రెక్క విదిలింపును అది ఏమీ చేయలేదు. ఎగిరే పక్షులకు 1/2000 సెకను, చిన్న పక్షులకు అంతకంటే ఎక్కువ వేగం కావాలి.

లక్షణం: వేరే ఏదో పదునుగా ఉంది

ఫోకస్ తప్పినప్పుడు పదును మాయం కాదు, ముందుకో వెనక్కో జరుగుతుంది. 400 మి.మీ. లెన్స్‌తో, ఎఫ్/5.6 అపెర్చర్ (కాంతి వచ్చే రంధ్రం పరిమాణం) వద్ద, ఏపీఎస్-సీ కెమెరాపై 10 మీటర్ల దూరంలోని పక్షిని తీస్తే, పదునుగా కనిపించే లోతు సుమారు 14 సెంటీమీటర్లే; 5 మీటర్లకు వస్తే అది మూడున్నర సెంటీమీటర్లకు పడిపోతుంది. అందుకే తోక పదునుగా వచ్చి కన్ను మసకబారడం ఇంత తరచుగా జరుగుతుంది.

ఇందుకు ఎక్కువసార్లు కారణం, విశాలమైన ఫోకస్ ఏరియాను ఎంచుకున్నప్పుడు కెమెరా ముందున్న గడ్డిపోచను పట్టుకోవడం. ఒకే పాయింట్‌ను ఎంచుకొని కన్నుపై నిలపాలి, లేదా కెమెరాలో ఉంటే కంటిని గుర్తించే పద్ధతిని వాడాలి. కదిలే పక్షికి నిరంతర ఫోకస్ పెట్టాలి. లెన్స్ పక్కనున్న ఫోకస్ లిమిటర్ మీటను కూడా చూసుకోవాలి, ఎందుకంటే అది దూరపు హద్దులో ఉండిపోతే దగ్గరి పక్షిపై ఫోకస్ కుదరనే కుదరదు.

ప్రతిసారీ ఒకే వైపుకు తప్పుతుంటే విషయం వేరు. డీఎస్ఎల్ఆర్‌లో (లోపల అద్దం ఉండే కెమెరాలో) ఫోకస్‌ను కొలిచే సెన్సర్ వేరు, ఫోటోను తీసే సెన్సర్ వేరు కాబట్టి ఆ రెంటి మధ్య చిన్న తేడా ఉండవచ్చు. కెమెరాను ట్రైపాడ్ మీద నిలిపి, 10 నుంచి 20 మీటర్ల దూరంలో గోడకు అంటించిన అచ్చు కాగితాన్ని ఒకసారి వ్యూఫైండర్‌తో, ఒకసారి లైవ్ వ్యూతో (వెనుక తెరపై చూస్తూ) ఫోకస్ చేసి తీయాలి. లైవ్ వ్యూ ఫోటోయే పదే పదే మెరుగ్గా వస్తుంటే, మెనూలోని మైక్రో అడ్జస్ట్‌మెంట్ లేదా ఫైన్ ట్యూన్ ద్వారా సరిచేయవచ్చు. మిర్రర్‌లెస్ కెమెరాలు ఫోటో తీసే సెన్సర్‌తోనే ఫోకస్‌ను కొలుస్తాయి కాబట్టి వాటిలో ఈ తేడాకు చోటు లేదు.

లక్షణం: ఎక్కడా పదును లేదు, అంచులు అలలుగా ఉన్నాయి, ఒక్కో ఫ్రేము ఒక్కో రకంగా ఉంది

దీన్ని ఎక్కువమంది గుర్తించలేరు. నిర్దోషియైన లెన్సులు సర్వీస్ సెంటర్లకు చేరేది తరచుగా దీని మూలంగానే. వేడెక్కిన నేల నుంచి లేచే గాలికీ చుట్టూ ఉన్న చల్లని గాలికీ సాంద్రత వేరు కావడంతో, వాటి గుండా వచ్చే కాంతి క్షణక్షణం వంగుతుంది. ఎండవేళ తారురోడ్డు మీద నీళ్లలా కదిలే ఎండమావి వెనుక ఉన్నదీ ఈ వేడిగాలే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు అంచున నిలబడి, పులికాట్ సరస్సులో దూరంగా ఉన్న రాజహంసలను పొద్దెక్కాక తీసేవారికి ఇది బాగా ఎదురవుతుంది. అక్కడ మన కాళ్ల కింద తారు ఉంటుంది, ముందు ఎండిన బురదనేల, దానిపై నేలకు దగ్గరగా సాగే వందల మీటర్ల చూపు. ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఆ గాలిని దాటి చూడలేదు, షట్టర్ వేగం పెంచినా వంగిన అంచు వంగినట్లే ఉంటుంది.

లైవ్ వ్యూను పది రెట్లు పెద్దది చేసి చూస్తే దృశ్యం మరుగుతున్నట్లు కదులుతుంది, అదే నిర్ధారణ. తెల్లవారిన తరువాతి మొదటి గంట రెండు గంటలలోనే తీయడం, దూరాన్ని తగ్గించుకోవడం, కొంచెం ఎత్తు నుంచి చూడడం తప్ప మార్గాలు లేవు. తప్పనిసరైతే వరుసగా చాలా ఫ్రేములు తీసి, గాలి నిలకడగా ఉన్న క్షణంలో వచ్చినదాన్ని ఏరుకోవాలి. కారులోంచి తీసేవారు ఇంజిన్‌ను ఆపి, బానెట్ మీదుగా తీయకుండా, అద్దాన్ని పూర్తిగా దించాలి. కారు ఏసీలో చల్లబడిన లెన్స్‌పై బయటి తేమ పొరగా పడుతుంది కనుక, చేరుకోవడానికి కొంత ముందే ఏసీని ఆపడం మంచిది.

లక్షణం: పాలపొర కప్పినట్లు ఉంది

ముందు అద్దంపై వేలిముద్ర, చవక యూవీ ఫిల్టర్, హుడ్ (లెన్స్ ముందు తగిలించే నీడ తొడుగు) లేకుండా సూర్యునికి ఎదురుగా తీయడం దీనికి మామూలు కారణాలు. ఫిల్టర్‌ను తీసి ఒకటి, పెట్టి ఒకటి తీసి పోల్చాలి. కోస్తా తేమలో లెన్స్ లోపల బూజు పట్టవచ్చు కాబట్టి టార్చ్ వెలుతురులో ఒకసారి లోపలికి చూడాలి. సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే విప్పి శుభ్రం చేసే పని నిపుణులకే వదలాలి.

లక్షణం: పూర్తి జూమ్‌లో, లేదా ఒక పక్కన మాత్రమే మసక

చాలా జూమ్ లెన్సులు చివరి ఫోకల్ లెంగ్త్‌లో, పూర్తిగా తెరిచిన అపెర్చర్ వద్ద కొంత మెత్తగానే ఉంటాయి, ఎఫ్/6.3 నుంచి ఎఫ్/8కి మార్చి చూడాలి. టెలికన్వర్టర్ (లెన్స్‌కు, కెమెరాకు మధ్య పెట్టి ఇంకా దగ్గర చేసి చూపే అదనపు లెన్స్) తగిలిస్తే 1.4 రెట్లదానితో ఒక స్టాప్ (అంటే సగం), 2 రెట్లదానితో రెండు స్టాపుల వెలుతురు పోతుంది, పదును కూడా కొంత తగ్గుతుంది.

ఇటుకగోడకు సమాంతరంగా నిలిపి తీసిన ప్రతి ఫోటోలోనూ ఒకే పక్క మసకగా ఉంటే, లోపలి గాజు కటకమేదో స్థానం తప్పిందని అనుమానించాలి. దీన్ని సెట్టింగులతో సరిచేయలేము, సర్వీస్ సెంటర్‌కు పంపవలసిందే. పంపేటప్పుడు లెన్స్‌తో పాటు కెమెరా బాడీని, గోడ పరీక్షలో తీసిన అసలు ఫైళ్లను కూడా ఇస్తే, లోపాన్ని వెదికే పని వారికి తేలికవుతుంది.