చిన్న వయసులోనే మణికట్టు అరిగితే: శస్త్రచికిత్సను ఎంచుకునే పద్ధతి

30 ఏళ్ల వయసులో మణికట్టు అరిగిపోయిందని విన్నవారు దాదాపు అందరూ అడిగే మొదటి ప్రశ్న, దీనికి అన్నిటికంటే మంచి ఆపరేషన్ ఏది అన్నది. దానికి ఒక్క మాటలో జవాబు లేదు. 70 ఏళ్ల మనిషికి ఆపరేషన్ ఫలితం 15 ఏళ్లు నిలిస్తే చాలు కావచ్చు; 30 ఏళ్ల మనిషి అదే చేతితో ఇంకో 40 ఏళ్లు పని చేయాలి. కాబట్టి తేల్చుకోవలసినవి రెండు: కీలులో ఇంకా చెడని భాగం ఏది, ఇప్పుడు చేయించుకునే ఆపరేషన్ మున్ముందు మరొకటి అవసరమైతే దానికి చోటు మిగులుస్తుందా.

ముందు అరుగుదల ఎక్కడుందో తెలుసుకోండి

మణికట్టు ఒకే కీలు కాదు. ముంజేతిలోని రేడియస్, అల్నా అనే ఎముకల చివరలకు, అరచేతి ఎముకలకు నడుమ 8 చిన్న ఎముకలు రెండు వరుసలుగా అమరి ఉంటాయి. ముంజేతి వైపు వరుసలో స్కాఫాయిడ్, లూనేట్ ముఖ్యమైనవి. వేళ్ల వైపు వరుసలో పెద్దది క్యాపిటేట్. చిన్న వయసులో ఈ కీళ్లు అరగడానికి ఎక్కువగా పాత దెబ్బే మూలం. బెణుకు అనుకుని వదిలేసిన చోట స్కాఫాయిడ్ విరిగి అతుక్కోకుండా ఉండిపోవచ్చు. స్కాఫాయిడ్‌ను లూనేట్‌తో కట్టి ఉంచే లిగమెంట్ తెగిపోయి ఉండవచ్చు. రేడియస్ విరిగినప్పుడు కీలు లోపలి ఉపరితలం మెట్టులా ఎగుడుదిగుడుగా అతుక్కుని ఉండవచ్చు. లూనేట్‌కు రక్తప్రసారం తగ్గి అది కుంగిపోయే కీన్‌బాక్ వ్యాధి, రుమటాయిడ్ కీళ్లవాతం కూడా కారణాలే.

స్కాఫాయిడ్ అతుక్కోకపోయినా, లిగమెంట్ తెగినా అరుగుదల ఒక క్రమంలో సాగుతుంది. మొదట బొటనవేలి వైపున రేడియస్ కొస, తరువాత రేడియస్‌కూ స్కాఫాయిడ్‌కూ మధ్య కీలు, ఆపైన క్యాపిటేట్‌కూ లూనేట్‌కూ మధ్య చోటు దెబ్బతింటాయి. రేడియస్‌కూ లూనేట్‌కూ మధ్య కీలు మాత్రం సాధారణంగా చివరి వరకు బాగానే ఉంటుంది. కారణం వాటి ఆకారం: గుండ్రని గుంటలో బంతి ఎటు తిరిగినా సమంగానే కూర్చుంటుంది, కోలగా ఉన్న గుంటలో గుడ్డు పక్కకు తిరిగితే అంచుల మీదే ఆనుతుంది. లూనేట్ మొదటి రకం, స్కాఫాయిడ్ రెండో రకం. చిన్న వయసువారికి చేసే ముఖ్యమైన ఆపరేషన్లు చాలావరకు ఈ ఒక్క వెసులుబాటు మీదే ఆధారపడి ఉన్నాయి. అందుకే ఎక్స్‌రేతో ఆగకుండా, అవసరమైతే సీటీ లేదా ఎమ్మారై స్కాన్ తీయించి, ఏ ఉపరితలం మీద మృదులాస్థి (ఎముక కొసను కప్పే నున్నని పొర) మిగిలిందో సర్జన్ చేత బొమ్మ మీద చూపించుకోండి. స్కాన్‌లో తేలకపోతే సన్నని కెమెరాతో కీలు లోపలికి చూసే ఆర్థ్రోస్కోపీ సందేహం తీరుస్తుంది.

ఎక్స్‌రే ఘోరంగా ఉన్నా నొప్పి తక్కువగా ఉన్నవారున్నారు. ఆపరేషన్ చేసేది నొప్పికి, ఫిల్ముకు కాదు. స్ప్లింట్ (మణికట్టును కదలకుండా పట్టి ఉంచే పట్టీ), పనుల్లో మార్పు, నొప్పి మందులు, స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని నెలలైనా ప్రయత్నించి చూడండి. రుమటాయిడ్ వంటి వ్యాధి ఉంటే ముందు దాన్ని మందులతో అదుపులోకి తెచ్చుకోండి. ఆ నెలల్లో ఒక చిన్న పుస్తకం దగ్గర పెట్టుకుని, కుర్చీ చేతి మీద అరచేయి ఆనించి లేచినప్పుడు నొప్పి వస్తుందా, తడి తువ్వాలు పిండినప్పుడు వస్తుందా, రాత్రి ఊరికే ఉన్నప్పుడు కూడా వస్తుందా అని రాసుకోండి. మీ చేతికి వంగడం ముఖ్యమో, పట్టు ముఖ్యమో ఆ రాతే చెబుతుంది.

దారులు మూయని చిన్న ఆపరేషన్లు

కీలు నొప్పిని మెదడుకు చేరవేసే సన్నని నరాలను కత్తిరించడం చాలామంది పట్టించుకోని మంచి మార్గం. మణికట్టు వెనుక ఒక చిన్న కోతతో దీన్ని చేయవచ్చు. వేళ్ల బలం తగ్గదు, కట్టు ఎక్కువ కాలం అవసరం లేదు, తరువాత ఏ ఆపరేషన్‌కైనా అడ్డు రాదు. ముందుగా ఆ నరాల దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇచ్చి పరీక్షిస్తారు. ఇంజెక్షన్‌కు ముందు పిడికిలి బలాన్ని కొలిచి, కాసేపాగి మళ్లీ కొలిచినప్పుడు నొప్పి తగ్గి బలం పెరిగితే ఆపరేషన్ ఉపకరించే అవకాశం ఎక్కువ. ఇది హామీ కాదు, అరుగుదలనూ ఆపదు. అయినా చిన్న వయసులో కొన్నేళ్ల ఊరట దొరికితే అది తక్కువ లాభం కాదని నా అభిప్రాయం.

అరుగుదల రేడియస్ కొసకే పరిమితమైతే ఆ కొసను 3–4 మిల్లీమీటర్ల మేర తొలగిస్తారు. అంతకు మించి తీస్తే అక్కడ అంటుకున్న ముఖ్యమైన లిగమెంట్ దెబ్బతిని, ఎముకలు పక్కకు జారుతాయి. మూలకారణమైన స్కాఫాయిడ్‌నో లిగమెంట్‌నో సరిచేయగలిగిన దశలో ఉంటే అదీ అప్పుడే చేయించుకోవాలి.

కదలికను మిగిల్చే రెండు ప్రధాన ఆపరేషన్లు

అసలు తర్జనభర్జన ఇక్కడే. మొదటిది, ముంజేతి వైపు వరుసలోని స్కాఫాయిడ్, లూనేట్, ట్రైక్వెట్రమ్ అనే మూడు ఎముకలను తీసివేసి, క్యాపిటేట్ తలను నేరుగా రేడియస్ గుంటలో కూర్చోబెట్టడం. రెండోది, స్కాఫాయిడ్‌ను మాత్రమే తీసివేసి, లూనేట్, ట్రైక్వెట్రమ్, క్యాపిటేట్, హేమేట్ అనే నాలుగింటిని స్క్రూలతోనో ప్లేటుతోనో ఒకే ముద్దగా అతికించడం. రెండింటిలోనూ ఆరోగ్యంగా ఉన్న రెండో చేతితో పోలిస్తే సుమారు సగం లేదా కాస్త ఎక్కువ కదలిక, 70–80 శాతం వరకు పట్టు మిగులుతాయి.

మొదటిదానిలో అతుక్కోవలసిన ఎముక లేదు, కాబట్టి సుమారు 4 వారాల్లో కదిలించడం మొదలుపెట్టవచ్చు. అయితే క్యాపిటేట్ తల మీద మృదులాస్థి బాగుండాలి. అది అరిగి ఉంటే ఈ దారి సాధారణంగా మూసుకున్నట్టే. పైగా క్యాపిటేట్ వంపు, రేడియస్ గుంట వంపు ఒకటి కావు, కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ ఆ కొత్త కీలు కూడా అరగవచ్చు. ఈ కారణంగానే 35 ఏళ్ల లోపువారికి, బరువు పని చేసేవారికి చాలామంది సర్జన్లు దీన్ని త్వరపడి సూచించరు. నాలుగు ఎముకల అతుకు సహజంగా సరిపోయే లూనేట్ కీలును నిలుపుకుంటుంది, క్యాపిటేట్ అరిగినా చేయవచ్చు. దాని బలహీనత అతుకు పడకపోవడం. కట్టు 6–8 వారాలు ఉంటుంది. పొగ తాగేవారికి ఎముక అతుక్కోని ప్రమాదం స్పష్టంగా ఎక్కువ, కాబట్టి పొగ మానలేనివారు ఆ మాట సర్జన్‌కు దాచకుండా చెప్పాలి. ఈ రెండింటిలో ఏది విఫలమైనా తరువాత మణికట్టును పూర్తిగా అతికించవచ్చు. యువకుడికి, రేడియస్–లూనేట్ కీలు బాగుండి, పొగ అలవాటు లేకపోతే నేను రెండోదాని వైపే మొగ్గుతాను.

రేడియస్ ఉపరితలమే పాడై రెండు వరుసల మధ్య కీలు బాగున్నప్పుడు లెక్క తిరగబడుతుంది: రేడియస్‌ను స్కాఫాయిడ్, లూనేట్‌లతో అతికించి, వరుసల మధ్య కదలికను ఉంచుతారు. కీన్‌బాక్ వ్యాధి తొలిదశలో అల్నా పొట్టిగా ఉంటే రేడియస్‌ను కొద్దిగా కురచ చేసి లూనేట్ మీద భారం తగ్గిస్తారు.

పూర్తి అతుకు, కృత్రిమ కీలు

అంతా అరిగినప్పుడు రేడియస్ నుంచి మధ్యవేలి అరచేతి ఎముక వరకు ప్లేటు వేసి, మణికట్టును కొద్దిగా వెనక్కి వంచిన స్థితిలో అతికిస్తారు. ముంజేయి తిప్పడం, వేళ్ల కదలిక మిగులుతాయి. బరువు పని చేసేవారికి ఇది నమ్మకమైన ఫలితం ఇస్తుంది. కానీ ఇరుకు చోట్లలో చేయి పెట్టడం, వీపు వెనక్కి చేయి పోనివ్వడం, శుభ్రం చేసుకోవడం కష్టమవుతాయి. నిర్ణయానికి ముందు రెండు వారాల పాటు గట్టి స్ప్లింట్ వేసుకుని మామూలు పనులన్నీ చేసి చూడండి.

కృత్రిమ మణికట్టు కదలికను నిలుపుతుంది గాని, అమర్చిన భాగాలు, ముఖ్యంగా చేతి వైపువి, వదులవుతాయి; బరువులు ఎత్తడంలో జీవితాంతం పరిమితి ఉంటుంది; విఫలమైతే అతికించడానికి ఎముక తక్కువై, వేరే చోట నుంచి తెచ్చి నింపాలి. చురుకైన పని చేసే యువతకు ఇది ప్రస్తుతానికి తగిన ఎంపిక కాదు.

ఆపరేషన్ తరువాత

వేళ్లను మొదటి రోజు నుంచే పూర్తిగా ముడిచి చాపాలి. కట్టు ఉంది కదా అని వేళ్లను కదపకపోతే అవి బిగుసుకుపోతాయి. చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచితే వాపు తగ్గుతుంది. పట్టు ఏడాది వరకు మెరుగవుతూనే ఉంటుంది, కాబట్టి మూడో నెలలో నిరాశ పడి ఫిజియోథెరపీ ఆపవద్దు. కట్టు లోపల నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లబడి రంగు మారినా, జ్వరం లేదా చీము కనిపించినా తరువాతి అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.