రెడీమేడ్ లిస్టెడ్ కంపెనీ కొనే ముందు

మార్చి లెక్కలు ముగిసి బ్యాలెన్స్ షీట్ చేతికొచ్చే రోజుల్లో చెన్నైలోని అంబత్తూరు, గిండీ పారిశ్రామిక ఎస్టేట్లలో ఫ్యాక్టరీలు నడిపే మనవాళ్లకు ఇలాంటి ఫోన్లు వస్తుంటాయి: "ఐపీఓ అంటే చాలా టైమ్ పడుతుంది సార్. మా దగ్గర బీఎస్‌ఈ లిస్టెడ్ షెల్ రెడీగా ఉంది, చాలా క్లీన్. మీ కంపెనీని అందులో కలిపేస్తే సరి."

ఐపీఓ అంటే జనానికి షేర్లు అమ్మి స్టాక్ ఎక్స్‌ఛేంజ్‌లో లిస్టవడం. షెల్ అంటే లిస్టింగ్ ఉండి వ్యాపారం లేని కంపెనీ. అలాంటి కంపెనీని కొని, అందులో ప్రైవేటు కంపెనీని విలీనం చేయడం చట్టవిరుద్ధమేమీ కాదు. అయితే ఆ కంపెనీతో పాటు దాని గతం కూడా మీ నెత్తిన పడుతుంది. అందుకే టోకెన్ అడ్వాన్స్ ఇచ్చాక కాగితాలు చూద్దాంలే అనుకోవద్దు.

ముందు లిస్టింగ్ నిజంగా ఉందో లేదో చూడండి. మద్రాస్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ 2015లో, బెంగళూరు ఎక్స్‌ఛేంజ్ అంతకుముందు ఏడాది గుర్తింపు వదులుకుని తప్పుకున్నాయి. అక్కడి పాత లిస్టింగ్ కాగితం ఒక్కటే చూపిస్తే దానికి పైసా విలువ కట్టకండి. బీఎస్‌ఈ లేదా ఎన్‌ఎస్‌ఈ ఎక్స్‌ఛేంజ్ సైట్లో కంపెనీ పేరు కొట్టి, ట్రేడింగ్ జరుగుతోందా, సస్పెండ్ చేశారా, జీఎస్‌ఎం నిఘాలో (ధర అసహజంగా పెరిగే షేర్ల మీద పెట్టేది) ఉందా చూడండి. 2017 ఆగస్టు 7న మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 331 అనుమానిత షెల్ కంపెనీల మీద ఆంక్షలు పెట్టమంది. వాటి ట్రేడింగ్ నెలకు ఒక్కసారికి పరిమితమైంది. అప్పీలుకు వెళ్లి ఊరట పొందినవీ ఉన్నాయి, కానీ ఈలోపు షేర్లున్నవాళ్లు పడ్డ టెన్షన్ తక్కువేం కాదు.

తర్వాత ఎక్స్‌ఛేంజ్ సైట్లోనే షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్, అంటే ఎవరి దగ్గర ఎంత వాటా ఉందో చెప్పే పట్టిక, తెరవండి. నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ చెప్పే కాగితం ఇదే. పబ్లిక్ వాటా, అంటే యజమానులైన ప్రమోటర్లు కానివాళ్ల వాటా, 70 శాతం అని కనిపిస్తుందనుకోండి. ఒక శాతం దాటినవాళ్ల పేర్లు కిందే ఉంటాయి. అందులో ఊరూపేరూ లేని ప్రైవేట్ లిమిటెడ్లు నాలుగైదు కనిపిస్తే ఒక్కోదాని అడ్రసు ఎంసీఏ (కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ) పోర్టల్లో చూడండి. అన్నీ ఒకే బిల్డింగులో, అవే డైరెక్టర్లతో ఉంటే అక్కడున్నది పబ్లిక్ కాదు, తెర వెనుక రేటు ఆడించే ఆపరేటర్ మనుషులు. ఆ షేర్లు వాళ్ల గుప్పిట్లో ఉన్నంతకాలం రేటు కూడా వాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

ఎంసీఏలోనే ఛార్జీల పట్టిక, అంటే అప్పులకు ఆస్తులు తాకట్టు పెట్టిన వివరాలు, కూడా చూడండి. అప్పు తీరిన తేదీ దగ్గర ఖాళీ ఉంటే బ్యాంకు నుంచి నో డ్యూ లేఖ తెమ్మనండి. ఆదాయపు పన్ను, జీఎస్టీ నోటీసుల సంగతి పాత ప్రమోటరు చేత రాతపూర్వకంగా ఒప్పించుకుని, నష్టం వస్తే తనే భరిస్తానని సంతకం పెట్టించుకోండి.

ఇక ఖర్చు. ప్రమోటరు దగ్గర 25 శాతం గానీ అంతకు మించి గానీ కొంటే, మిగతా వాటాదారులకు కనీసం మరో 26 శాతానికి ఓపెన్ ఆఫర్ ఇవ్వాలి, అంటే వాళ్ల షేర్లు కొంటామని చెప్పాలి. దాని విలువ 500 కోట్ల లోపైతే 25 శాతం సొమ్ము ముందే ఎస్క్రోలో (హామీగా విడిగా ఉంచే ఖాతాలో) పెట్టాలి. ఫోన్ చేసినాయన ఈ మాట ఎత్తకపోతే అక్కడే అనుమానించండి. విలీనమైతే ఎక్స్‌ఛేంజ్, సెబీ పరిశీలన తర్వాత ఎన్‌సీఎల్‌టీ (కంపెనీ లా ట్రిబ్యునల్) అనుమతి కావాలి. పైగా 2017 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, విలీనం తర్వాత లిస్టెడ్ కంపెనీ పాత పబ్లిక్ వాటాదారులకు, మీ కంపెనీలో క్విబ్‌లు ఉంటే వాళ్లకు కలిపి కనీసం 25 శాతం దక్కాలి. క్విబ్ అంటే మ్యూచువల్ ఫండ్ల వంటి పెద్ద సంస్థ. మన ఎస్టేట్లలో ఎన్ని కంపెనీల్లో అలాంటివి ఉంటాయి? అంటే ఇరవై ఏళ్లు చెమటోడ్చి కట్టిన కంపెనీలో పావు వంతు, ఆ షెల్‌లో షేర్లున్న ముక్కూమొహం తెలియనివాళ్ల పాలవుతుంది.

"రేటు పెంచే పని మాకు వదిలేయండి" అన్నారా, ఇంకో మాట మాట్లాడకుండా లేచి వచ్చేయండి. అది షేరు ధరతో మోసం. 25 కోట్లు లేదా లాభానికి మూడు రెట్లు, ఏది ఎక్కువైతే అంతవరకు జరిమానా పడొచ్చు, జైలు కూడా ఉంది. అప్పుడు కేసులో ముందుండేది ప్రమోటరైన మీ పేరే.

అమెరికా షెల్ తీసుకుని వెంటనే అక్కడి నాస్‌డాక్ ఎక్స్‌ఛేంజ్ ఎక్కిస్తామన్నా నమ్మకండి. ఇలా షెల్‌లో కలిసి లిస్టయ్యే రివర్స్ మెర్జర్ కంపెనీలు మామూలుగా ఏడాది పాటు వేరే మార్కెట్లో ట్రేడై, ధర నిలబెట్టుకున్నాకే అక్కడికి అర్హత అని 2011లోనే నిబంధన పెట్టారు.

ఐపీఓ తర్వాత పెయిడప్ మూలధనం 25 కోట్లు దాటదనుకుంటే చిన్న కంపెనీలు లిస్టయ్యే ఎస్‌ఎంఈ ప్లాట్‌ఫామ్ ఉంది. ఈ షెల్‌తో సంబంధం లేని మర్చంట్ బ్యాంకర్ (షేర్ల ఇష్యూలు నడిపించేవాళ్లు) దగ్గర కూర్చుని రెండు దారుల ఖర్చూ, చేజారే వాటా పక్కపక్కన రాయించుకోండి. ఆ కాగితం చేతికొచ్చాకే ఫోన్ చేసినాయనకు జవాబివ్వండి.